ఏడుపు షాట్

ముందు ఇది నిజమేరా అని చెప్పి తర్వాత సంగతి చెప్పాలా, సంగతి చెప్పేసి తర్వాత నిజమేరా అని ఒట్టు పెట్టుకోవాలా, ఏది ముందు చెప్పినా వాడు నమ్మడేమో, నేను చెప్పిన మాట వాడెందుకు నమ్మాలి, తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడి ఆటో ఆగిపోయింది, తొంభై అని ఎర్ర అంకెలు, ఎనభై తొమ్మిది, ఎనభై ఎనిమిది, ఆస్పత్రిలో సౌమ్య మంచం పక్కన పెట్టెలో కూడా ఇలాగే అంకెలు దిగుతున్నాయి, అవి కడుపులో బిడ్డ గుండె అంకెలంట, నర్సమ్మ వాటిని చూసి పరుగెత్తి డాక్టరమ్మను తెచ్చింది, డాక్టరమ్మ చూసి బీపీ బాగా పెరిగింది, ఆపరేషన్ ఇప్పుడే చెయ్యాలి, భర్త ఎక్కడ, సంతకం కావాలి అంది, నేను చేస్తానమ్మా, నాకు సంతకం వచ్చు, మూడో తరగతి దాకా చదివాను అన్నాను, అదెందుకు చెప్పానో, ఆమె కాగితం లోంచి తల ఎత్తకుండా మీరు కాదు తాతా, భర్త రావాలి, తొందరగా అంది, సౌమ్య నా కోడలు, ఎనిమిదో నెల ఇంకా నిండలేదు, ముఖమంతా వాచి ఉంది, మామయ్యా, ఆయన్ను తోల్కరాండ్రి, ఆయన లేకుంట నేను లోపటికి పోను అంది, వియ్యపురాలు బాలలక్ష్మి కూతురి కాళ్ళు పట్టుకుని కూర్చుని, ఏందన్నా ఇంకా గట్లనే నిలబడ్డవు, ఫోను కొట్టి కొట్టి నా వేలు నొస్తున్నది, ఎత్తుతలేడు, నువ్వే ఉరుకు అని కేక పెట్టింది, ఎలా ఎత్తుతాడు, షూటింగ్‌లో అందరి ఫోన్లూ ఆపేసి ఒక సంచిలో వేస్తారు, పొద్దున వాడే చెప్పాడు, సాయంత్రం దాకా దొరకను నాన్నా, సౌమ్య నీ మీద ఉన్నది అని, నా మీద పెట్టి వెళ్ళాడు, నేను సరే అని కూడా అనలేదు, తల ఊపాను, డెబ్భై రెండు, డెబ్భై ఒకటి.

నరహరి అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు, మా గల్లీవాడే, నేనెప్పుడూ వాడి ఆటో ఎక్కలేదు, ఏంది పెద్దనాయినా, నీ నోట్ల ముత్యాలున్నయా, తెరిస్తే పడిపోతయా, ఏమైందో చెప్పరాదు అంటున్నాడు, కోడలికి బాగాలేదు, జాన్సన్‌ను తీసుకురావాలి, యూనివర్సిటీలో ఉన్నాడు అన్నాను, అంతే చాలు, వాడే మాట్లాడుకుంటున్నాడు, వంశీ భాయ్ మళ్ళ షూటింగ్‌ల పడ్డడా, మస్తు, మా అక్క నోటుబుక్కుల అట్టల మీద మొత్తం ఆయన బొమ్మలే ఉంటుండె, మా నాయిన అన్నీ చింపి పొయ్యిల పెట్టిండు, మా అక్క రెండు దినాలు అన్నం ముట్టలే, ఇప్పుడు ఆమె బిడ్డ ఇంటర్ చదువుతున్నది, వంశీ ఎవలమ్మా అంటది, అని నవ్వుతున్నాడు, వంశీ అని నా కొడుక్కి ఎవరూ పేరు పెట్టలేదు, ప్రార్థన చేసి పాస్టరుగారు పెట్టిన పేరు జాన్సన్, వంశీ అనేది చిన్నప్పుడు వాడు టీవీలో వేసిన ఏడున్నర గంటల సీరియల్లో పేరు, అయినా ఊరంతా వంశీయే అంది, మాణికేశ్వర్ నగర్ సెలూన్ అద్దం మీద వంశీ కటింగ్ చేయబడును అని రాశారు, సీతాఫల్‌మండి చర్చిలో కూడా పిల్లలు వెనక్కి తిరిగి మా బెంచీ వైపే చూసేవాళ్ళు, సౌమ్య మాత్రం ఆ సీరియల్ చూడలేదు, మా ఇంట్ల కేబుల్ లేకుండె, మీరెవరో నాకు తెల్వదు అని మొదటి రోజే వాడి ముఖం మీద చెప్పిందంట, అందుకే ఈమెను చేసుకుంటా నాన్నా అన్నాడు, ఆ పిల్ల ఇప్పుడు కళ్ళు తేలేస్తోంది, పచ్చ దీపం పడింది, తొందరగా పో నరహరీ, తొందరగా పో.

అసలు ఈ వేషం వద్దని చెప్పాల్సింది, నోరు తెరిచి ఒక్క మాట అనాల్సింది, కడుపుతో ఉన్న ఆడమనిషి ఇంట్లో ఉండగా బిడ్డ చచ్చిపోయిన తండ్రి వేషం ఎవరైనా వేస్తారా, పాత ఆర్టిస్టులైతే అడిగినవాణ్ణి గుమ్మంలోంచే పంపేసేవాళ్ళు, కానీ ఎన్నో ఏళ్ళ తర్వాత వాణ్ణి వెతుక్కుంటూ ఒకరొచ్చారు, భూమిక అని యూనివర్సిటీలో నాటకాల చదువు చదివే పిల్ల, చిన్న సినిమా తీస్తోంది, అన్నా ఇది మీకోసమే రాసిన, మీరు ఒప్పుకోకపోతే తీయను అంది, అది విన్నప్పుడు వాడి ముఖం వెలిగింది, ఆ వెలుగు చూసి నేను నోరు మూసుకున్నాను, ఇన్నేళ్ళు బడుల్లో వార్షికోత్సవాలకి పిల్లలకు నాటకాలు నేర్పుతూ, వంశీ అంటే ఎవరు సార్ అని వాళ్ళడిగితే నవ్వుతూ, తాగిన రోజులు తాగి, మానేసిన రోజులు మానేసి, ఇప్పుడు ఒక మంచి పని వచ్చింది, అయితే అందులో ఏడవాలి, రాత్రి సౌమ్యతో అంటుంటే విన్నాను, అంతా చేస్త సౌమ్యా, ఆ ఒక్క షాట్‌కే భయమైతున్నది, నాకు ఏడుపు రాదు, ఎప్పటి నుంచో రాదు అని, గోడకు ఇవతల నేను దుప్పటి తల మీదకు లాక్కున్నాను, ఎందుకు రాదో నాకు తెలుసు, నేనే చంపాను ఆ ఏడుపుని.

మెస్సులో వంటవాణ్ణి నేను, యూనివర్సిటీ హాస్టల్లో ముప్పై ఏళ్ళు నాలుగు వందల మందికి పప్పు కాచాను, తెనాలి పక్క నుంచి పాస్టరుగారి ఉత్తరం పట్టుకుని వచ్చి ఆ పనిలో చేరాను, సీరియల్ వాళ్ళు క్యాంపస్‌లో తీస్తూ మా మెస్సుకి భోజనానికి వచ్చారు, అప్పటికి జాన్సన్‌కి పదమూడేళ్ళు, బడి లేని రోజు, సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తుంటే డైరెక్టర్ రత్నాకర్ ముద్ద ఆపి, ఎవలి పిల్లగాడే ఈడు, ఏం నవ్వురా వీనిది అన్నాడు, ఆ నవ్వుతోనే అంతా మొదలైంది, నవ్వు వచ్చింది, పరుగు వచ్చింది, డైలాగు వచ్చింది, ఏడుపు రాలేదు, గ్లిజరిన్ వేస్తే కళ్ళు వాచి రెండు రోజులు షూటింగ్ ఆగింది, రత్నాకర్ నన్ను పక్కకు పిలిచి, ఏసన్నా, నీ కొడుకు నవ్వు బంగారం, ఏడుపు మన్ను, నువ్వు పోయి చెవుల ఏదన్న చెప్పరాదె, కన్నతండ్రివి, ఏం చెప్తే ఏడుస్తడో నీకు తెల్వదా అన్నాడు, నాకు తెలుసు, వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేసి, చెవిలో, మీ అమ్మను లారీ గుద్దిందంటరా అన్నాను, వాడి కళ్ళలోంచి అలా ధారగా కారింది, కట్, సూపర్ అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు, తర్వాత ఉత్తదేరా, అమ్మ ఇంట్లోనే ఉంది అంటే రెండు చేతులతో నా గుండెల మీద గుద్దాడు, నేను నవ్వాను, దేవా, నేను నవ్వాను, తర్వాత అది నా పని అయిపోయింది, వారానికి ఒకటీ రెండూ ఏడుపు షాట్లు, ఏసన్నను పిలువుండ్రి అనేవాళ్ళు, నేను సెట్‌లో పెద్ద మనిషిని, నాకూ కుర్చీ వేసేవాళ్ళు, నాలుగేళ్ళు వాడి చెవిలో వాళ్ళమ్మ ప్రమీలను చంపాను, బావిలో పడిందన్నాను, కరెంటు కొట్టిందన్నాను, వాడు ఏడ్చేవాడు, ఇళ్ళలో జనం ఏడ్చేవాళ్ళు, వంశీ ఏడిస్తే మేము అన్నం తినలేదని ఉత్తరాలు వచ్చేవి, ప్రమీల ఆ ఉత్తరాలు దాచుకునేది, కన్నీళ్ళు ఎట్లా తెప్పిస్తున్నారో ఆమెకు తెలియదు, వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

గేటు బందు పెద్దనాయినా అంటున్నాడు నరహరి, పిల్లలు ధర్నాకు కూర్చున్నారు, పోలీసులు అడ్డంగా కంచె పెట్టారు, ఒక పోలీసాయన చెయ్యి ఊపుతున్నాడు వెనక్కి వెనక్కి అని, ఇక్కడే ఆగిపోతే, నేను చేరేసరికే అంతా అయిపోతే, ఆస్పత్రి నుంచి ఫోను వస్తే, చొక్కా జేబులో ఫోను మోగకూడదు, మోగితే అదే అయి ఉంటుంది, మోగకూడదు, నరహరి బండి తిప్పాడు, మాణికేశ్వర్ నగర్ నుంచి గోడ సందుల పోదాం, నాకెర్క అంటున్నాడు, సందులో మేకలు, నీళ్ళ డ్రమ్ములు, ఇంటి ముందు కట్టెల పొయ్యి మీద ఎవరో చేపలు వేయిస్తున్నారు, ఇదే దారిన ఆ రోజు కూడా వెళ్ళాను, కాదు, ఆ రోజు కారు, ప్రొడక్షన్ వాళ్ళ తెల్ల కారు, వాడికి పదిహేడేళ్ళు నిండిన నెల, ప్రమీల చర్చిలో పాట పాడుతూ పాడుతూ కూర్చుండిపోయింది, గుండె ఆగిందన్నారు, ఆస్పత్రి దాకా కూడా పోలేదు, నేను ఆమె ముఖం మీద గుడ్డ కప్పి కొడుకు కోసం వెళ్ళాను, సెట్‌లో అడుగు పెట్టేసరికి లైట్లు వేసి ఉన్నాయి, ఏసన్నా, మంచి టైముకు వచ్చినవు, పొద్దుగాల్నుంచి రెండు బుడ్ల గ్లిజరిన్ అయిపోయింది, పోయి ఒక్క మాట చెప్పు అన్నాడు రత్నాకర్, ఆపండి, షూటింగ్ ఆపండి అని చెప్పాల్సినవాణ్ణి, నా భార్య పోయింది అని చెప్పాల్సినవాణ్ణి, అందరూ తోవ ఇచ్చారు, తోవ ఇస్తే నడిచాను, వాడి చెవి దగ్గర వంగి మీ అమ్మ చనిపోయిందిరా అన్నాను, వాడు ఏడ్చాడు, అంత ఏడుపు ఎప్పుడూ ఏడవలేదు, కెమెరా పట్టినాయన కూడా ముక్కు చీదుకున్నాడు, కట్ అన్నాక చప్పట్లు ఆగలేదు, వాడు ముఖం తుడుచుకుని నా దగ్గరకు వచ్చాడు, నేను నిజమేరా అన్నాను, వాడు సరే నడువు అన్నాడు, అంతే, సమాధి దగ్గర ఒక్క బొట్టు రాలలేదు, చూడు యాక్టర్ల గుండె ఎట్లా ఉంటదో అన్నారు బంధువులు, ఆ తర్వాత సెట్‌లో కూడా ఏడుపు రాలేదు, రత్నాకర్ నెల రోజులు చూసి వంశీ పాత్రను చదువుకని ఢిల్లీ పంపించాడు, సీరియల్ ఇంకో రెండేళ్ళు నడిచింది, వంశీ ఢిల్లీ నుంచి రాలేదు, వాడు హీరోగా మొదలైన సినిమా మధ్యలోనే ఆగింది, ప్రతి ఆడపిల్లా ఇంకో బొమ్మ అంటించుకుంది, ఆ రోజు నుంచి నేను కూడా మాట అవసరమైతేనే అంటున్నాను, నా నోటికి నేనే భయపడ్డాను, పదిహేడేళ్ళ నుంచి భయపడుతూనే ఉన్నాను.

గోడ సందు లోంచి దూరితే చొక్కా చిరిగింది, నేను గీడనే ఉంటా, ఉరుకు అని నరహరి వెనక నుంచి అరిచాడు, చెట్ల మధ్యన పాత మెస్సు, మూసేసి ఎన్నో ఏళ్ళయింది, అందులోనే తీస్తున్నారు, తలుపు దగ్గర నల్లగుడ్డలు కట్టారు, లోపల నేను పప్పు కాచిన పెద్ద పొయ్యి అలాగే ఉంది, దాని ముందర బెంచీ మీద జాన్సన్ కూర్చున్నాడు, చేతిలో చిన్నపిల్ల గౌను, చెంపల మీద గ్లిజరిన్ మెరుస్తోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కళ్ళలో మాత్రం ఏమీ లేదు, అన్నా, టైం తీసుకోండి, వస్తే వస్తది, రాకపోతే రేపు చూద్దాం అంటోంది భూమిక, నన్ను చూసి ఆ పిల్ల ముఖం విచ్చుకుంది, గబగబా వచ్చి, మీరు జాన్సనన్న వాళ్ళ నాన్న కదా అంకుల్, దేవుడు పంపినట్టు వచ్చిన్రు, చిన్నప్పుడు మీరే చెవుల ఏదో చెప్పి ఏడిపిస్తుండేవారంట కదా, అన్న ఎన్నిసార్లు చెప్పిండో, ప్లీజ్ అంకుల్, ఒక్క మాట చెప్పండి అంది, అందరూ తోవ ఇచ్చారు, మళ్ళీ అదే తోవ, అదే లైట్లు, కెమెరా దగ్గరి కుర్రాడు గుసగుసగా రోల్ చెయ్, రోల్ చెయ్ అన్నాడు, కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది, ఇక నేను ఏం చెప్పినా షాట్ కిందే పోతుంది, సౌమ్య అంటే ఏడుస్తాడు, కట్ అంటారు, చప్పట్లు కొడతారు, అక్కడ అంకెలు దిగుతూ ఉంటాయి, లేదంటే నమ్మడు, నాన్నా ఇప్పుడు కూడానా అని నవ్వుతాడు, నవ్వి మళ్ళీ కూర్చుంటాడు, దగ్గరికి పోకూడదు, చెవి దగ్గరికి అసలు పోకూడదు, నేను ఎక్కడున్నానో అక్కడే నిలబడిపోయాను, పది అడుగుల దూరంలో, చేతులు వేలాడేసుకుని, గొంతు పగిలేలా అరిచాను, జాన్సనూ, సౌమ్యను ఆస్పత్రిలో వేశాం, బిడ్డ గుండె ఆగిపోయేలా ఉందంట, ఆపరేషన్‌కి నీ సంతకం కావాలి, నడువురా అని, ఒట్టు పెట్టడం మర్చిపోయాను, నిజమేరా అనడం మర్చిపోయాను, వాడు నా ముఖం చూడలేదు, నా చేతులు చూశాడు, ఎందుకు చూశాడో, ఒక్క క్షణం చూసి లేచాడు, గౌను బెంచీ మీద పెట్టి, చొక్కా లోపలి నుంచి మైకు పీకేసి, కెమెరా ఆపండమ్మా, ఇది షాట్ కాదు అన్నాడు, భూమిక నోటి మీద చెయ్యి పెట్టుకుంది, వాడు నా పక్క నుంచే పరుగెత్తాడు, నేను వాడి వెనక.

ఆటోలో వాడి మోకాలు ఆగకుండా ఊగుతోంది, నా ఫోను నుంచి బాలలక్ష్మికి కలిసింది, ఉన్నదా అత్తమ్మా, ఉన్నదా అని అడుగుతున్నాడు, ఉన్నది బిడ్డా, గుండె ఇంకా కొట్టుకుంటనే ఉన్నదట, జల్ది రా అని అవతల ఆమె గొంతు నాకు కూడా వినపడింది, నరహరి హారన్ మీద చెయ్యి తీయకుండా తోలుతున్నాడు, నేను అడగకూడదు, ఇది అడిగే వేళ కాదు, అయినా నోటి లోంచి వచ్చేసింది, నువ్వు నమ్మవనుకున్నానురా అన్నాను, వాడు బయటకు చూస్తూనే, నమ్మక ఏం చేస్త నాన్నా, అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు నా భుజం మీద చెయ్యి వేస్తవు, ప్రతిసారీ, ఇయ్యాల నీ చేతులు కిందికే ఉన్నయి అన్నాడు, నాకు అర్థం కాలేదు, అబద్ధమని నీకు తెలుసా అన్నాను, రెండోసారి నుంచే తెలుసు, అమ్మ పొద్దున్నే డబ్బాల ఉప్మా పెట్టి పంపిస్తది, పది గంటలకు బావిల ఎట్ల పడతది నాన్నా అన్నాడు, మరి ఎందుకు ఏడ్చేవాడివిరా అన్నాను, ఆటో తార్నాక వంతెన నీడలోకి వచ్చింది, నువ్వు అంతమందిల వచ్చి చెప్తుంటివి, నేను ఏడవకపోతే నీ ఇజ్జత్ ఏమైతది అన్నాడు, మెల్లగా అన్నాడు, తర్వాత ఇంకా మెల్లగా, అమ్మ పోయిన రోజు నువ్వు వంగినవు కానీ చెయ్యి వెయ్యలే, అప్పుడే తెలిసింది నాకు, నువ్వు తర్వాత నిజమేరా అనే పని లేకుండె, నేను ఏడ్చింది అమ్మ కోసమే నాన్నా, మొత్తం ఆడనే ఏడ్చేసిన, రాష్ట్రమంతా చూసింది, మధ్యల యాడ్ కూడా వేసిన్రు, ఇంకా సమాధి కాడ ఏం మిగులుతది అన్నాడు.

మెట్లెక్కి ఎలా వెళ్ళామో తెలియదు, నర్సమ్మ కాగితం చాపింది, వందల నోటుబుక్కుల మీద పేరు గీసిన చెయ్యి అది, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని సంతకం చేశాడు, సౌమ్యను చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే ఆమె కళ్ళు తెరిచి, వచ్చిన్రా, షాట్ అయిందా, ఏడ్చిన్రా మరి అంది, లేదు సౌమ్యా, రాలే అన్నాడు, మంచిగైంది, పోండ్రి, మీకు చాతగాదు అంది, తలుపు మూసుకుంది, పైన ఎర్ర బల్బు వెలిగింది, బాలలక్ష్మి నేల మీద కూలబడి ఎల్లమ్మతల్లికి మొక్కుకుంటోంది, నేను ప్రార్థన మొదలుపెట్టి మాటలు మర్చిపోయాను, లోపల ఏమవుతుందో, తల్లా బిడ్డా ఇద్దరా, ఎవరైనా వచ్చి ఏదైనా చెప్పేదాకా ఇలాగే ఉండాలి, జాన్సన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, వాడి వీపు కదులుతోంది, మొదట దగ్గనుకున్నాను, దగ్గు కాదు, శబ్దం లేకుండా ఏడుస్తున్నాడు, వాణ్ణి చూడబోయిన నా తల దానంతట అదే పక్కకు తిరిగింది, వరండాలో ఎవరినో వెతికింది, అప్పుడు పట్టుబడ్డాను నాకు నేనే, రత్నాకర్‌ను వెతుకుతున్నాను నేను, నాలుగేళ్ళు వాడు ఏడ్చిన ప్రతిసారీ నేను చూసింది డైరెక్టర్ ముఖం, బాగా వచ్చిందా, ఓకే అంటాడా అని, ప్రమీల పోయిన రోజు కూడా, చెవిలో ఆ మాట చెప్పి రెండడుగులు వెనక్కి వేసి రత్నాకర్ వైపే చూస్తూ నిలబడ్డాను, ఊరంతా వాడి ముఖం చూసింది, వాడి ఏడుపు ఎవరికోసమో ఒక్కసారి చూసుంటే నాకు తెలిసేది, వాడిలో ఏదీ చావలేదు, నేను చూడలేదు అంతే, ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానో, వరండాలో ఓకే చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, నేను వాడి పక్కకు వెళ్ళి, ఏమీ చెప్పకుండా, తల వంచి వాడి ముఖం లోకి చూశాను, నా కొడుకు ఏడిస్తే అచ్చం వాళ్ళమ్మలా ఉంటాడు, కింద పెదవి ఒక పక్కకు పోతుంది, ఇప్పుడే చూశాను.